పెద్ద బోరు రివాల్వర్ తూటా ఎంపిక: శక్తి, ద్రవ్యవేగం, చట్టం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తూటా పేరులోని అంకె ఏమి తెలుపుతుందో, ఏమి తెలపదో వివరించగలుగుతారు;
• గుండు బరువు, వేగం తెలిస్తే దాని గతిజశక్తిని, ద్రవ్యవేగాన్ని లెక్కకట్టగలుగుతారు;
• పెద్ద జంతువుకు తగిన తూటాను ఏయే అంశాలు నిర్ణయిస్తాయో చెప్పగలుగుతారు;
• వేట, ఆయుధాల విషయంలో మన దేశ చట్టాలు పెట్టిన హద్దులను గుర్తించగలుగుతారు.

9.1 ప్రస్తావన

తాడిపత్రి పరిసరాల్లో చెనిక్కాయ వేసిన రైతుకు అడవిపంది సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో కాయ ఊరడమే గొప్ప. ఊరిన కాయను ఒక్క రాత్రిలో పందుల గుంపు పెళ్లగించి పోతే రైతుకు కడుపు మండుతుంది. ఆ మంటలో కొందరు మోటారు లైను నుంచి గట్టు తీగకు కరెంటు పెడతారు. కొందరు ఎరలో నాటుబాంబు దాస్తారు. ఇంకొందరు ఎక్కడో ఒక తుపాకి సంపాదించాలని చూస్తారు. తీగ పొరుగు రైతును చంపుతుంది. ఎరను కొరికిన పశువుకు దవడ పోతుంది. చేతికి దొరికిన తుపాకితో కాల్చితే పంది చావకుండా గాయంతో చేలో దూరుతుంది. మరునాడు కోతకు వచ్చిన కూలీల మీదికి అదే పంది వస్తుంది.

ఇటువంటి చోట “పెద్ద జంతువుకు ఏ రివాల్వర్ తూటా సరిపోతుంది?” అన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. “అంకె పెద్దదైతే సరి” అన్నది ఎక్కువమంది ఇచ్చే జవాబు. ఈ జవాబు ఎందుకు తప్పో తెలియాలంటే, పాఠశాలలో మీరు చదివిన రెండు భౌతికశాస్త్ర సూత్రాలు చాలు. ఆ సూత్రాలతో అసలు ప్రశ్నను పరిశీలించి, చివరకు దానిని మన చట్టం ముందు నిలబెడదాం.

9.2 తూటా నిర్మాణం, పేర్లు

వాడుకలో తూటా, గుండు అన్న మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. ఈ పాఠంలో రెంటినీ వేరుగా చూడాలి. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి కేసు, కేసు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, కేసులోపలి మందు, కేసు మూతిలో బిగించిన గుండు. గుర్రం ప్రైమర్‌ను కొట్టగానే మందు మండి వాయువుగా మారుతుంది. ఆ వాయువు పీడనం గుండును గొట్టంలోంచి నెడుతుంది. బయటికి వెళ్లేది గుండు మాత్రమే. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్ గదుల్లో ఉంటాయి. అందువల్ల తూటా పొడవు, బలం ఎంతవరకు ఉండవచ్చునో సిలిండర్ పొడవు, గోడల మందం నిర్ణయిస్తాయి.

తూటా పేరులోని అంకె సాధారణంగా గుండు వ్యాసాన్ని అంగుళంలో భాగంగా సూచిస్తుంది. అయితే అది పేరే కాని కచ్చితమైన కొలత కాదు. ‘.44 మాగ్నమ్’ గుండు అసలు వ్యాసం 0.429 అంగుళం, అంటే 10.9 మిల్లీమీటర్లు. ‘.38 స్పెషల్’, ‘.357 మాగ్నమ్’ పేర్లు వేరైనా రెండింటి గుండు వ్యాసం ఒకటే. రెండో దాని కేసు కొంచెం పొడవు, పీడనం చాలా ఎక్కువ.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ చూడండి. 1873 నాటి ‘.45 కోల్ట్’, 1950లలో రూపొందిన ‘.454 కాసుల్’ తూటాలు రెండింటికీ గుండు వ్యాసం 0.452 అంగుళమే. కాని కాసుల్ తూటా గరిష్ఠ పీడనం కోల్ట్ తూటా పీడనానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. కోల్ట్ తూటాను కాసుల్ రివాల్వర్‌లో కాల్చవచ్చు. కాసుల్ బలానికి నింపిన మందును పాత కోల్ట్ రివాల్వర్‌లో పేలిస్తే సిలిండర్ పగిలి కాల్చినవాడి చేయి పోతుంది. ఏ ప్రమాణమూ లేకుండా లేత్ మీద తయారైన నాటు ఆయుధంలో ఇదే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

9.3 రెండు కొలతలు: గతిజశక్తి, ద్రవ్యవేగం

కదిలే వస్తువును రెండు విధాలుగా కొలవవచ్చు.

ద్రవ్యవేగం = ద్రవ్యరాశి × వేగం
గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × (వేగం)²

ద్రవ్యరాశిని రెట్టింపు చేస్తే రెండు విలువలూ రెట్టింపవుతాయి. వేగాన్ని రెట్టింపు చేస్తే ద్రవ్యవేగం రెట్టింపవుతుంది కాని గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఎంపిక అంతా దీని మీదే నడుస్తుంది.

తూటా తయారీదారులు గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో ఇస్తారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము. ఒక అడుగు 0.3048 మీటరు. ఉదాహరణకు .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,350 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకుందాం.

ద్రవ్యరాశి = 240 × 0.0648 = 15.55 గ్రాములు = 0.01555 కిలోగ్రాము
వేగం = 1,350 × 0.3048 = సుమారు 411 మీటర్లు/సెకను
ద్రవ్యవేగం = 0.01555 × 411 = సుమారు 6.4 కి.గ్రా. మీ./సె.
గతిజశక్తి = ½ × 0.01555 × 411 × 411 = సుమారు 1,313 జౌళ్లు

ఇదే పద్ధతిలో కట్టిన లెక్కలు కింది పట్టికలో ఉన్నాయి. గొట్టం పొడవును, తయారీని బట్టి విలువలు కొంత మారుతాయి. వీటిని ప్రాతినిధ్య విలువలుగా తీసుకోండి.

పట్టిక 9.1

| తూటా | గుండు (గ్రా.) | వేగం (మీ./సె.) | గతిజశక్తి (జౌళ్లు) | ద్రవ్యవేగం (కి.గ్రా. మీ./సె.) |
|---|---|---|---|---|
| .32 రివాల్వర్ | 6.35 | 215 | 147 | 1.4 |
| .357 మాగ్నమ్ (1935) | 10.2 | 376 | 724 | 3.9 |
| .44 మాగ్నమ్ (1955) | 15.55 | 411 | 1,313 | 6.4 |
| .454 కాసుల్ | 19.4 | 495 | 2,382 | 9.6 |
| .500 స్మిత్ అండ్ వెసన్ (2003) | 28.5 | 495 | 3,493 | 14.1 |
| .405 వించెస్టర్ రైఫిల్ | 19.4 | 671 | 4,376 | 13.0 |
| 12 బోరు, ఒక ఔన్సు సీసపు గుండు | 28.35 | 488 | 3,376 | 13.8 |

చివరి రెండు వరుసలు రివాల్వర్లవి కావు. పోలిక కోసం చేర్చాం. .454 రివాల్వర్‌నూ .405 రైఫిల్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. గుండు బరువు రెంటికీ ఒకటే. రైఫిల్ గుండు వేగం 1.36 రెట్లు మాత్రమే ఎక్కువ. గతిజశక్తి మాత్రం 1.84 రెట్లు ఎక్కువ. పొడవైన గొట్టంలో వాయువు గుండును ఎక్కువ దూరం నెట్టగలదు. కేసులో ఎక్కువ మందు పడుతుంది. ఈ రెండు సౌకర్యాలూ రివాల్వర్‌కు లేవు.

బెంగుళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ ఎక్కువగా వాడినది ఈ .405 వించెస్టర్ రైఫిలే. 1954లో వెలువడిన ఆయన మొదటి పుస్తకం ‘నైన్ మ్యాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్’లో తిరుపతి చేరువలోని చామల లోయ పులి కథ ఉంది. మన రాయలసీమ అడవుల్లో పులి ముందు నిలబడవలసి వచ్చిన మనిషి ఎంచుకున్నది రైఫిల్. పెద్ద జంతువు విషయంలో రివాల్వర్ ఎప్పుడూ రెండో స్థానపు ఆయుధమే. అమెరికాలో కూడా రివాల్వర్ వేటను కష్టమైన, దగ్గరికి వెళ్లి చేయవలసిన ప్రత్యేక క్రీడగానే పరిగణిస్తారు. ఎలుగుబంట్లు తిరిగే అలాస్కా వంటి చోట్ల నడుముకు కట్టుకునే రక్షణ ఆయుధంగానూ వాడతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) .45 కోల్ట్ తూటాలో 255 గ్రెయిన్ల గుండు సెకనుకు 860 అడుగుల వేగంతో వెళ్తుంది. దాని గతిజశక్తిని, ద్రవ్యవేగాన్ని కనుక్కోండి.
(ఆ) పట్టికలోని .357 మాగ్నమ్‌తో పోలిస్తే ఏది ఎక్కువ, ఏది తక్కువ?

9.4 జంతువు శరీరంలో గుండు చేసే పని

శక్తి ఎంత ఉన్నదన్నది సగం ప్రశ్న. ఆ శక్తి ఎక్కడ ఖర్చయిందన్నది మిగతా సగం. జంతువు వెంటనే పడిపోవాలంటే గుండు గుండెను, ఊపిరితిత్తులను లేదా నాడీ వ్యవస్థను చేరాలి. పెద్ద మగ అడవిపంది బరువు క్వింటాలు దాటవచ్చు. దాని భుజం మీద చర్మం కింద గట్టి కవచం వంటి పొర ఉంటుంది. దాని వెనుక కండ, ఎముక. ఇవన్నీ దాటి లోపలికి పోగల గుండు కావాలి.

మొన బోలుగా ఉన్న గుండు శరీరాన్ని తాకగానే పువ్వులా విచ్చుకుంటుంది. గాయం వెడల్పవుతుంది కాని లోతు తగ్గుతుంది. పల్చని శరీరం గల జింకజాతి జంతువులకు ఈ రకం వాడతారు. మందపు చర్మం, బరువైన ఎముకలు ఉన్న జంతువులకు విచ్చుకోని గట్టి సీసపు గుండును, మొన చదునుగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. ఇది ఆకారం చెడకుండా లోతుకు దిగుతుంది. రివాల్వర్ వేగాలు తక్కువ కాబట్టి బరువైన గుండుకే మొగ్గు ఎక్కువ. ఒకే వ్యాసం, ఒకే వేగం గల రెండు గట్టి గుండ్లలో బరువైనది ఎక్కువ లోతుకు పోతుంది. అంటే ఒకే ‘.44’ పేరున్న రెండు పెట్టెల్లో ఒకటి జింకకు తగినది, మరొకటి పందికి తగినది కావచ్చు. తూటా పేరు చూసి ఊరుకోక, పెట్టె మీద గుండు రకాన్ని చదవాలి.

9.5 చేతికి తగిలే దెబ్బ

ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం గుండు ముందుకు పొందిన ద్రవ్యవేగానికి సమానమైనది తుపాకి వెనక్కి పొందుతుంది. మండిన వాయువు దీనికి మరికొంత కలుపుతుంది. లెక్క సులువుగా ఉండడానికి దాన్ని వదిలేద్దాం.

1.3 కిలోల రివాల్వర్‌లో .44 మాగ్నమ్ కాలిస్తే తుపాకి వెనుకకు కదిలే వేగం 6.4 ÷ 1.3 = సుమారు 4.9 మీ./సె. దాని గతిజశక్తి సుమారు 16 జౌళ్లు. అంతే బరువున్న రివాల్వర్‌లో .454 కాసుల్ అయితే వేగం 7.4 మీ./సె., శక్తి సుమారు 36 జౌళ్లు. ద్రవ్యవేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే చేతికి తగిలే శక్తి రెండు రెట్లకు పైగా పెరిగింది. సుమారు 700 గ్రాముల .32 రివాల్వర్‌లో ఈ శక్తి 1.5 జౌళ్లు కూడా ఉండదు. .500 తూటా కోసం రివాల్వర్‌ను రెండు కిలోలకు పైగా బరువుతో చేసినా 48 జౌళ్లకు పైనే తగులుతుంది.

రైఫిల్ దెబ్బను భుజం, ఒళ్లు పంచుకుంటాయి. రివాల్వర్ దెబ్బను రెండు మణికట్లే మోయాలి. రెండు మూడు సార్లు కాల్చేసరికి మనిషి దెబ్బకు ముందే కన్ను మూయడం, చేయి బిగించడం మొదలవుతుంది. గుండు ఎక్కడికో పోతుంది. అందుకే అనుభవజ్ఞులు చెప్పే సూత్రం ఇది: గురి తప్పకుండా, వరుసగా కాల్చగలిగినంత తూటానే నీ తూటా. 3,493 జౌళ్లు పంది పొట్టలో తగిలితే అది గంటల తరబడి బాధపడి ఎక్కడో చస్తుంది. 1,313 జౌళ్లు ఛాతీలో తగిలితే కొద్ది అడుగుల్లో పడుతుంది.

9.6 దూరం

గాలి నిరోధం వల్ల గుండు వేగం అడుగడుగునా తగ్గుతుంది. మన ఉదాహరణలోని .44 గుండు వేగం 50 గజాల దూరానికి సుమారు 366 మీ./సె.కు దిగుతుంది. అప్పుడు శక్తి సుమారు 1,040 జౌళ్లు. వంద గజాల దగ్గర వేగం సుమారు 330 మీ./సె. మాత్రమే.

అందుకే వేట అనుమతించిన చోట్ల నిబంధనలు గొట్టం మూతి దగ్గరి శక్తిని కాక, జంతువు దగ్గరి శక్తిని అడుగుతాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పెద్ద జంతువులను చేతి తుపాకితో వేటాడాలంటే గుండు కనీసం 0.24 అంగుళం, గొట్టం కనీసం 4 అంగుళాలు, 50 గజాల దూరంలో శక్తి కనీసం 550 అడుగు-పౌండ్లు ఉండాలి. 550 అడుగు-పౌండ్లు అంటే సుమారు 746 జౌళ్లు. పట్టికలోని .44 ఈ గీటును సులువుగా దాటుతుంది. .357 గుండు వేగం 50 గజాల వద్ద సుమారు 335 మీ./సె.కు తగ్గుతుంది. అప్పుడు దాని శక్తి సుమారు 575 జౌళ్లు. కాబట్టి ఈ రకం .357 చాలదు.

మీ బంధువులు, స్నేహితులు అమెరికాలో చదువుతూ ఉంటే మరొక సంగతి కూడా తెలియాలి. విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండడాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుడి రివాల్వర్‌ను సరదాగా చేతబట్టడం కూడా చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) ఒకే రివాల్వర్‌లో ద్రవ్యవేగం రెట్టింపున్న తూటాను కాలిస్తే చేతికి తగిలే శక్తి ఎన్ని రెట్లవుతుంది?
(ఆ) వేట నిబంధనలు 50 గజాల దూరంలోని శక్తిని ఎందుకు అడుగుతాయి?

9.7 మన చట్టం, మన చేను

ఇంతవరకు చూసిన లెక్కలను తాడిపత్రి చేను గట్టు మీదికి తెద్దాం. ఇక్కడ రెండు చట్టాలు అడ్డుగా నిలుస్తాయి.

మొదటిది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. దీని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. చంపడమే కాదు, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణతో అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

అయితే చట్టం రైతును పూర్తిగా గాలికి వదలలేదు. 11వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణానికి గాని, పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరంగా మారితే, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి, లిఖితపూర్వక ఉత్తర్వుతో దాన్ని చంపడానికి అనుమతించవచ్చు. ప్రాణరక్షణ కోసం సద్భావంతో చంపడం నేరం కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడానికి వీల్లేదు. 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఒక ప్రాంతానికి, కొంత కాలానికి ఒక జంతువును హానికర జంతువుగా ప్రకటించవచ్చు. 2016లో ఉత్తరాఖండ్‌లోని కొన్ని ప్రాంతాల్లో అడవిపందిని ఇలా ప్రకటించారు.

రెండోది ఆయుధాల చట్టం, 1959. లైసెన్సు లేకుండా తుపాకి గాని, తూటా గాని ఉంచుకోకూడదు. సైన్యం, పోలీసులు వాడే తూటాలకు సరిపోయే కొన్ని బోర్లు సామాన్యులకు నిషిద్ధం. లైసెన్సు పొందిన పౌరుల చేతిలో మామూలుగా కనిపించే రివాల్వర్ .32 బోరుది. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం దీన్ని తయారుచేస్తుంది. పట్టిక మొదటి వరుస మళ్లీ చూడండి: 147 జౌళ్లు. ఇది .44 శక్తిలో తొమ్మిదో వంతు. పందిని చంపే తూటా కాదు, రెచ్చగొట్టే తూటా.

మరి పంట కాపలాకు చట్టం ఏ ఆయుధాన్ని ఊహించింది? 13వ సెక్షన్‌లో జవాబు ఉంది. నిజమైన పంట రక్షణ అవసరానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని లైసెన్సు అధికారి భావిస్తే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకికి ఇవ్వవచ్చు. మనం 12 బోరు అని పిలిచేది ఈ రకమే. ఇప్పుడు పట్టిక చివరి వరుస చూడండి. 12 బోరులో ఒక ఔన్సు సీసపు గుండు శక్తి 3,376 జౌళ్లు. ప్రపంచంలోని అతి పెద్ద రివాల్వర్ తూటాల్లో ఒకటైన .500కు అది దాదాపు సమానం. దెబ్బను భుజం మోస్తుంది, పొడవైన గొట్టం గురికి సాయపడుతుంది. శాస్త్రం చెప్పిన జవాబూ చట్టం చెప్పిన జవాబూ ఇక్కడ ఒకే వైపు చూపుతున్నాయి.

కాని ఒక హెచ్చరిక. తుపాకి లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. పంట కాపలా లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. నష్టం జరిగితే ముందుగా పంట ఫొటోలతో, పొలం వివరాలతో అటవీ రేంజ్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికైనా, అనుమతికైనా ఆ కాగితమే మొదటి మెట్టు. ఎక్కువ ఫిర్యాదులు నమోదైన ఊరి మాటకు బలం ఉంటుంది.

9.8 సారాంశం

తూటా పేరులోని అంకె గుండు వ్యాసాన్ని సుమారుగా తెలుపుతుంది, బలాన్ని తెలపదు. గుండు బరువు, వేగాల నుంచి గతిజశక్తిని, ద్రవ్యవేగాన్ని లెక్కకట్టాలి. జంతువు శరీరాన్ని బట్టి గుండు రకాన్ని, దూరాన్ని బట్టి మిగిలే శక్తిని, కాల్చే మనిషి చేతిని బట్టి వెనుదన్నును చూడాలి. వీటిలో ఏది బలహీనమో అదే మొత్తం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. వేట అనుమతించిన దేశాల్లో ఈ లెక్క .44 దగ్గర మొదలై .454, .500 వరకు పోతుంది. మన దేశంలో చట్టమే మొదటి లెక్క. పంట రక్షణకు అది రివాల్వర్‌ను కాదు, పొడవు గొట్టం తుపాకిని గుర్తించింది. ఆ తుపాకిని ఎప్పుడు పేల్చవచ్చునో చెప్పే అధికారాన్ని మాత్రం అటవీశాఖ చేతిలో ఉంచింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. (అ) ద్రవ్యరాశి 16.5 గ్రాములు, వేగం 262 మీ./సె.; గతిజశక్తి సుమారు 567 జౌళ్లు, ద్రవ్యవేగం సుమారు 4.3 కి.గ్రా. మీ./సె. (ఆ) .45 కోల్ట్ గతిజశక్తి తక్కువ, ద్రవ్యవేగం ఎక్కువ. బరువైన గుండు నెమ్మదిగా పోవడమే దీనికి కారణం.
2. (అ) నాలుగు రెట్లు. (ఆ) గాలి నిరోధం వల్ల వేగం తగ్గుతుంది. జంతువును చేరేసరికి మిగిలిన శక్తే పని చేస్తుంది కాబట్టి.

పదకోశం

తూటా: కేసు, ప్రైమర్, మందు, గుండు కలిసినది.
బోరు: గొట్టం లోపలి వ్యాసం. 12 బోరు అంటే ఒక పౌండు సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, వాటిలో ఒకదాని వ్యాసం, సుమారు 18.5 మిల్లీమీటర్లు.
వెనుదన్ను: కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. .45 కోల్ట్, .454 కాసుల్ తూటాల పోలికలు, తేడాలు వివరించండి.
2. మొన బోలుగా ఉన్న గుండుకు, గట్టి సీసపు గుండుకు మధ్య తేడా ఏమిటి?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. “గురి తప్పకుండా కాల్చగలిగినంత తూటానే నీ తూటా.” ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఆధారంగా చర్చించండి.
2. మీ ఊరిలో అడవిపందుల వల్ల పంట నష్టపోయిన రైతుకు మీరు ఏ సలహా ఇస్తారు? సంబంధిత చట్టాల సెక్షన్లను పేర్కొంటూ రాయండి.